తడి తక్కువ నేలలో గోధుమ: నత్రజని ఎంత, ఎప్పుడు, ఎక్కడ వేయాలి

ఆదిలాబాద్ వైపు సోయా కోసిన నల్లరేగడిలో, జహీరాబాద్, నారాయణఖేడ్ చేలల్లో యాసంగికి గోధుమ వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సరిహద్దు దాటి నాందేడ్, బీదర్ వైపు వెళ్తే ఇంకా ఎక్కువ. పంజాబ్‌లో లాగా అడిగినన్ని తడులు అందే గోధుమ కాదిది. వానాకాలం నేలలో మిగిల్చిపోయిన తేమ మీద, బోరు కరుణిస్తే ఒకటి రెండు తడుల మీద పండాల్సిన పైరు. దీనికి ఎరువు సంగతి వచ్చేసరికి రెండు మాటలు వినిపిస్తాయి. "నీళ్లే లేవు, ఇంక యూరియా ఎందుకు దండగ" అనేది ఒకటి. "పైరు వాడిపోతోంది, ఒక బస్తా చల్లితే లేస్తుంది" అనేది ఇంకొకటి. మొదటి మాట వింటే నేలలో ఉన్న నీళ్లు కూడా గింజగా మారవు. రెండో మాట వింటే బస్తా డబ్బులు గాల్లో కలుస్తాయి.

నత్రజని బెట్టకు విరుగుడు కాదు. వాడిన పైరును అది లేపదు. కానీ బెట్ట రాకముందే, తడి ఉన్న పొరలో, నేలలో ఉన్న నీటికి తగ్గట్టు వేస్తే అదే పైరు ఇంకో నాలుగు రోజులు ఎక్కువ పచ్చగా నిలబడి గింజ నింపుకుంటుంది. కాబట్టి ముందు నీళ్ల లెక్క, తర్వాతే ఎరువు లెక్క. కింద చెప్పేదంతా ఆ వరుసలోనే ఉంటుంది.

అసలు నత్రజని ఏం చేస్తుంది

మొదటి నెలలో సరిపడా నత్రజని దొరికిన గోధుమకు వేర్లు లోతుకు దిగుతాయి, పక్కలకూ విస్తరిస్తాయి. నల్లరేగడిలో కింద రెండడుగులు, మూడడుగుల దగ్గర ఉన్న తేమ ఆ వేర్లకే అందుతుంది. నత్రజని చాలని పైరు సన్నగా, వేర్లు పైపైనే పెట్టుకుని ఉంటుంది. కింద నీళ్లున్నా తాగలేదు. కోత అయ్యాక అలాంటి చేలో తవ్వి చూస్తే అడుగున ఇంకా తేమ కనిపిస్తుంది.

రెండోది, ఆకు. పైరు త్వరగా నేలను కప్పితే ఎండ నేల మీద పడదు. నేల నుంచి ఊరికే ఆవిరైపోయే నీరు తగ్గి, మొక్క గుండా పోయే నీరు పెరుగుతుంది. గింజను ఇచ్చేది మొక్క గుండా పోయిన నీరే.

మూడోది ఆకు లోపల జరిగేది. ఆకులోని నత్రజనిలో పెద్ద భాగం పచ్చదనం దగ్గరే, కిరణజన్య సంయోగక్రియ నడిపే ప్రోటీన్లలో ఉంటుంది. ప్రోలిన్ లాంటి పదార్థాలు తయారవ్వడానికీ నత్రజని కావాలి. బెట్టలో కణాల్లోని నీరు బయటికి పోకుండా పట్టి ఉంచడంలో వీటికి పాత్ర ఉంది. ఎండదెబ్బకు కణాల్లో పుట్టే విషపదార్థాలను విరిచే ఎంజైములు కూడా ప్రోటీన్లే. అందుకే నత్రజని చాలినంత ఉన్న ఆకు బెట్టలో ఆలస్యంగా పండుబారుతుంది. ఫిబ్రవరిలో ఎండలు ముదిరే మన దక్కన్‌లో ఆ నాలుగు రోజుల పచ్చదనమే గింజ బరువు.

ఇక దీని వెనకవైపు. నత్రజని ఎక్కువైతే పైరు డిసెంబరులోనే గుబురుగా, నల్లపచ్చగా పెరిగి, నేలలోని నీళ్లన్నీ ఈనకముందే తాగేస్తుంది. పూత తర్వాత తాగడానికేం మిగలదు. అలాంటి పైరు కాండంలో చక్కెర నిల్వలు కూడా తక్కువే ఉంటాయి కాబట్టి గింజకు పంపడానికి సరుకు ఉండదు. కంకులు తెల్లబడి, గింజలు ముడుచుకుపోతాయి. వానల మీద గోధుమ పండించే ఆస్ట్రేలియాలో ఇది రైతులందరికీ తెలిసిన బాధ. 'హేయింగ్ ఆఫ్' అంటారు, చేను ఎండుగడ్డిగా మారిపోవడం. మన దగ్గర దీన్నే "పైరు బాగా పెరిగింది కానీ తాలు పోయింది" అంటాం, నెపం మాత్రం ఎండల మీదికి నెట్టేస్తాం.

ముందుగా నేలలో నీళ్లెన్నో కొలవండి

ఇది అందరూ వదిలేసే పని. నాకైతే మొత్తం సాగులో దీనికి మించిన పని లేదనిపిస్తుంది, పైగా పెద్ద ఖర్చూ లేదు.

వేలు మందం ఇనుప కడ్డీ ఒకటి, నాలుగడుగుల పొడవుది తీసుకోండి. ఒక కొసను వెల్డింగ్ షాపులో కాస్త ఉబ్బుగా, గోళీలాగా చేయించుకోండి, పై కొసకు అడ్డంగా పిడి పెట్టించండి. సోయా కోశాక, విత్తే ముందు, చేలో కడ్డీని నిటారుగా పట్టి ఒంటి బరువుతో నొక్కండి. తడి ఉన్నంత వరకు కడ్డీ జారుకుంటూ దిగుతుంది. పొడి పొర తగలగానే ఆగిపోతుంది, ఎంత నొక్కినా దిగదు. అక్కడ కడ్డీ మీద గుర్తు పెట్టి బయటికి తీసి కొలవండి. రాయి తగిలితే ఠంగుమని తెలుస్తుంది, పక్కకు జరిగి మళ్లీ గుచ్చండి. చేలో ఎత్తుగా ఉన్నచోట, పల్లంగా ఉన్నచోట, గట్టు పక్కన, నడిమధ్యన ఇలా ఎనిమిది పది చోట్ల గుచ్చి సగటు కట్టండి. నమ్మకం చాలకపోతే ఒకటి రెండు చోట్ల గడ్డపారతో తవ్వి, ఆ లోతు మట్టిని పిడికిట్లో పిసికి చూడండి. ముద్ద కట్టి వేళ్ల మధ్య రిబ్బనులా సాగితే తేమ ఉన్నట్టే.

లోతైన నల్లరేగడి ఒక అడుగు తడిసి ఉంటే మొక్కకు అందే నీరు సుమారు 45 నుంచి 50 మిల్లీమీటర్లు ఉంటుంది. మూడడుగులు దిగితే దాదాపు 150 మిల్లీమీటర్లు. గోధుమ ప్రతి 10 మిల్లీమీటర్ల నీటికి ఎకరాకు సుమారు 35 నుంచి 40 కిలోల గింజ ఇస్తుందని లెక్క వేసుకోవచ్చు. అంటే మూడడుగుల తేమ మీద, నీళ్లు పెట్టకుండా, ఐదారు క్వింటాళ్లు. మధ్యలో 60 మిల్లీమీటర్ల తడి ఒకటి పెట్టగలిగితే ఇంకో రెండు రెండున్నర క్వింటాళ్లు.

కడ్డీ అడుగున్నర దగ్గరే ఆగిపోయిందా? బోరు కూడా లేదా? అలాంటప్పుడు గోధుమ వేయకండి. శనగో కుసుమో వేసుకోండి. ఆ చేనుకు ఎంత నత్రజని వేసినా గోధుమ రాదు.

సోయా కోసిన రోజే, కుదరకపోతే మర్నాడే, గుంటక తోలండి. నల్లరేగడి నెర్రెలిచ్చాక నీళ్లు ఆ నెర్రెల్లోంచే పోతాయి.

నీళ్లను బట్టి నత్రజని లెక్క

గోధుమ ఒక క్వింటాల్ గింజ ఇవ్వడానికి గడ్డితో కలిపి దాదాపు 2.5 కిలోల నత్రజని తీసుకుంటుంది. వేసినదంతా అందదు కాబట్టి క్వింటాల్‌కు 4 కిలోలు అందుబాటులో ఉండేలా చూసుకోవాలి. అందులోంచి నేల తనంతట తాను ఇచ్చేది తీసేయండి. మామూలు నల్లరేగడి, వెనక సోయా లేదా పెసర ఉంటే ఎకరాకు 8 కిలోలు అనుకోవచ్చు. జొన్న, మొక్కజొన్న వెనక వేస్తుంటే ఆ కొయ్యకాళ్లు కుళ్లేటప్పుడు నత్రజనిని కొంతకాలం పట్టి ఉంచుతాయి, కాబట్టి నాలుగైదు కిలోలు మించి లెక్క వేయకండి. భూసార పరీక్ష కాగితం ఉంటే సేంద్రియ కర్బనం గడి చూడండి. 0.5 శాతం కంటే తక్కువుంటే నేల ఇచ్చేది తక్కువే. 0.75 దాటితే ఎరువు పావు వంతు తగ్గించినా ఫరవాలేదు.

ఈ లెక్క ప్రకారం ఎకరాకు ఇలా వస్తుంది.

తడి అసలు పెట్టలేని చేను, మూడడుగుల తేమ: ఆశించే దిగుబడి 6 క్వింటాళ్లు, కావాల్సిన నత్రజని 24, నేల ఇచ్చేది 8, మనం వేయాల్సింది 16 కిలోలు. వర్షాధార గోధుమకు మహారాష్ట్రలో చెప్పే హెక్టారుకు 40 కిలోల సిఫారసు కూడా ఇంతే అవుతుంది. 17 కిలోల డీఏపీ (నత్రజనితోపాటు భాస్వరం కూడా ఇచ్చే ఎరువు), 28 కిలోల యూరియా సరిపోతాయి. మొత్తం విత్తేటప్పుడే.

ఒక్క తడి పెట్టగలిగే చేను: 24 కిలోల నత్రజని. విత్తేటప్పుడు 26 కిలోల డీఏపీ, 25 కిలోల యూరియా. తడి పెట్టే రోజు 17 కిలోల యూరియా.

రెండు తడులు ఖాయంగా పెట్టగలిగే చేను: 32 కిలోల నత్రజని. విత్తేటప్పుడు 35 కిలోల డీఏపీ, 22 కిలోల యూరియా. మొదటి తడికి 34 కిలోల యూరియా.

"ఖాయంగా" అన్న మాట మళ్లీ చదవండి. పక్క బోరు ఎండితే మనది కూడా ఎండే ఊళ్లలో రెండో తడి మాట కాగితం మీదే. అనుమానం ఉంటే విత్తేటప్పుడు ఒక తడి లెక్కనే వేయండి. నీళ్లు దొరికితే యూరియా తర్వాత పెంచుకోవచ్చు. వేసేసిన ఎరువును మాత్రం వెనక్కి తీసుకోలేం.

షాపులో డీఏపీ దొరకని రోజులూ ఉంటాయి. అప్పుడు 20-20-0-13 (వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం శాతాలు) తీసుకోండి. తడి లేని చేనుకు అది 40 కిలోలు, యూరియా 17 కిలోలు వేస్తే అంతే నత్రజని, అంతే భాస్వరం వస్తాయి. పైగా గంధకం కూడా వస్తుంది. ఏటా సోయా వేసే నేలల్లో గంధకం తగ్గిపోతూ ఉంటుంది, గంధకం లేకపోతే తీసుకున్న నత్రజని మొక్కలో ప్రోటీన్‌గా మారదు. నన్నడిగితే డీఏపీ కోసం లైన్లో నిలబడే బదులు ఇదే మేలు. పొటాష్ గడి కాగితంలో 'తక్కువ' అని ఉంటేనే దాని గురించి ఆలోచించండి. బెట్టలో ఆకు రంధ్రాలు మూసుకోవడానికి పొటాషియం కావాలి గానీ, నల్లరేగడిలో సాధారణంగా దానికి కొదవ ఉండదు.

ఎరువు ఎక్కడ పడాలి

తడి లేని గోధుమలో ఎరువు ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. నత్రజని నీటితోనే వేరు దగ్గరికి వస్తుంది. నవంబరు పోయేసరికి పై రెండు మూడు అంగుళాల నేల పొడిబారుతుంది. అక్కడ పడ్డ ఎరువు అక్కడే ఉండిపోతుంది. వేర్లు కిందికి పోయుంటాయి, ఎరువు పైన ఎండుతూ ఉంటుంది.

నల్లరేగడి క్షారగుణం ఉన్న నేల. దాని మీద పైపైన చల్లిన యూరియా అమ్మోనియా వాయువై గాల్లోకి పోతుంది. కొద్దిపాటి మంచు, చెమ్మ తగిలితే ఇంకా త్వరగా పోతుంది. మంచుకు యూరియా కరిగి నేలలోకి దిగుతుందని కొందరంటారు. కరిగేదాకా నిజమే, దిగేంత నీరు మాత్రం మంచులో ఉండదు.

కాబట్టి విత్తనంతోపాటు ఎరువును విడి గొట్టంలో వేసే డ్రిల్లు దొరికితే అద్దెకు తెచ్చుకోండి. ఎరువు గొట్టాన్ని విత్తనానికి రెండు అంగుళాలు పక్కగా, రెండు అంగుళాలు కిందుగా పడేలా బిగించమనండి. చేనంతా విత్తే ముందు పది గజాలు తోలించి, చాలును చేత్తో తవ్వి, విత్తనం ఎక్కడుంది, ఎరువు గుళికలు ఎక్కడున్నాయి చూడండి. డ్రైవర్‌కి విసుగొస్తుంది. రానివ్వండి.

డ్రిల్లు లేకపోతే రెండు సార్లు తోలాలి. ముందు గొర్రుతో నాలుగు అంగుళాల లోతున ఎరువు ఒక్కటే వేసి, ఆ వెనక అదే సాళ్లకు కాస్త పక్కగా విత్తనం రెండు నుంచి రెండున్నర అంగుళాల లోతున వేయండి. తేమ కిందికి పోయింది కదా అని పొట్టి రకాలను మూడు అంగుళాలకు మించి లోతున వేయొద్దు. వాటి మొలక తొడుగు పొట్టిది, బయటికి రాలేదు. సాలుకీ సాలుకీ మధ్య 20 నుంచి 23 సెంటీమీటర్లు ఉండాలి. విత్తనం ఎకరాకు 30 నుంచి 40 కిలోలు, తడి లేని చేనుకు తక్కువ వైపు ఉండండి.

యూరియాను విత్తనంలో కలిపి ఒకే గొట్టంలో వేయడం మాత్రం వద్దు. యూరియా కరిగేటప్పుడు పుట్టే అమ్మోనియా లేత మొలకను కాల్చేస్తుంది. తేమ తక్కువున్న నేలలో ఈ దెబ్బ ఇంకా గట్టిగా ఉంటుంది. సాళ్లలో అక్కడక్కడ ఖాళీలు కనిపిస్తే విత్తనం నాణ్యతను తిట్టుకుంటాం, చాలాసార్లు కారణం ఇదే.

మొత్తం ఎరువు ఒకేసారి వేస్తే కొట్టుకుపోదా అని అడుగుతారు. ఇసుక నేలలో, వానాకాలంలో ఆ భయం సరైనదే. యాసంగి నల్లరేగడిలో దాన్ని కిందికి తోసేంత వాన ఎక్కడిది? తడి లేని చేనుకు విడతలు పెట్టుకుంటే రెండో విడత పొడి నేల మీద పడి వృథా అవుతుంది, అంతే.

పశువుల ఎరువు ఎకరాకు నాలుగు టన్నులు వేయగలిగితే వానాకాలం పంటకే వేయండి. గోధుమకు ముందు వేసి దున్నితే ఉన్న తేమ పోతుంది.

రకాల గురించి ఒక్క మాట. తడి తక్కువ చేనుకు, మన ద్వీపకల్ప మండలానికి విడుదలైన వాటిలో మహారాష్ట్రలోని నిఫాడ్ గోధుమ పరిశోధన కేంద్రం వారి ఎన్‌ఐఏడబ్ల్యూ 1415, ఇండోర్ నుంచి వచ్చిన హెచ్‌ఐ 1605 ఒకటి రెండు తడులకు. పుణెలోని అగార్కర్ సంస్థ ఇచ్చిన ఎంఏసీఎస్ 4028 తడి లేని చేనుకు. చివరిది డ్యూరం, అంటే రవ్వ గోధుమ. వర్షాధారంగా అయితే అక్టోబరు రెండో పక్షంలో, తడి పెట్టేదైతే నవంబరు మొదటి పక్షంలో విత్తాలి. నవంబరు చివర్లో వేసిన గోధుమ పాలు పోసుకునే సమయానికి ఎండలు వచ్చేస్తాయి, అక్కడ నత్రజని చేయగలిగింది ఏమీ ఉండదు.

చేలో ఒక మూల చిన్న పట్టీ

విత్తిన రోజే చేలో మామూలుగా ఉన్నచోట, గట్టుకు దూరంగా, మూడు మీటర్ల వెడల్పు, పది మీటర్ల పొడవు జాగాకు నాలుగు పుల్లలు పాతండి. ఆ పట్టీకి మాత్రం 300 గ్రాముల యూరియా అదనంగా, చేతిగొర్రుతో సాళ్ల మధ్య గీతలు గీసి అందులో వేసి మట్టి కప్పండి. పక్కన ఉన్న పైరుకు ఎరువు చాలిందో లేదో ఈ పట్టీయే చెబుతుంది. పట్టీకి, మిగతా చేనుకు రంగులో తేడా కనిపించకపోతే పైరుకు ఇప్పటికి నత్రజని చాలినట్టే, పైపాటు యూరియా తగ్గించుకోవచ్చు, మానేయొచ్చు కూడా. పట్టీ దూరం నుంచే ముదురుగా తేలిపోతుంటే పైరు ఆకలితో ఉందన్నమాట. ఆకురంగు కార్డు కంటే దీన్ని నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే ఇది మీ రకంతో, మీ నేలతో, ఈ ఏడాది చలితో పోల్చి చెబుతోంది.

పసుపు ఎందుకు వచ్చిందో చూసి కదలండి

నెల దాటిన పైరు పసుపు పచ్చబడగానే టెన్షన్ పడి యూరియా కోసం పరుగెత్తుతారు. ముందు మొక్కను పీకి చేతిలోకి తీసుకోండి. నత్రజని తక్కువైతే అడుగు ఆకులు ముందు పండుబారుతాయి. పసుపు ఆకు కొస దగ్గర మొదలై, నడిమి ఈనె వెంట లోపలికి కోసుకుని వచ్చినట్టుంటుంది. పై ఆకులు లేతాకుపచ్చగా ఉంటాయి, పిలకలు తక్కువుంటాయి. పొద్దున చూసినా, మధ్యాహ్నం చూసినా అదే రంగు.

నీళ్లు తక్కువైతే మొదట రంగు పసుపు కాదు. ఆకు మెరుపు పోయి నీలిబూడిద రంగులోకి దిగుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఆకులు పొడవునా గొట్టంలా చుట్టుకుంటాయి. తెల్లవారి ఆరింటికి వెళ్లి చూస్తే విప్పుకుని ఉంటాయి. అలా విప్పుకుంటున్నంత కాలం ప్రమాదం లేదు. పొద్దున కూడా చుట్టుకునే ఉంటే నీరు కావాల్సిందే. కొత్తగా వస్తున్న ఆకులు పసుపు బారి, అడుగు ఆకులు పచ్చగా ఉంటే అది గంధకం లోపమో ఇనుము లోపమో, యూరియాతో పోదు.

తడి ఎప్పుడు, దానితో యూరియా ఎలా

విత్తిన 20 నుంచి 22 రోజులకు నేల మట్టానికి కాస్త కింద కిరీటపు వేర్లు మొదలవుతాయి. పిలకలకూ ఆ తర్వాతి తిండికీ అవే ఆధారం. వాటికి పై పొర తడిగా ఉండాలి. అందుకే ఉత్తరాదిలో ఒక్క తడే ఉంటే 21 రోజులకు పెట్టమంటారు. మహారాష్ట్ర నల్ల నేలల్లో మాత్రం ఒక్క తడి ఉంటే 40 నుంచి 42 రోజులకు, రెండుంటే 20–22 రోజులకు ఒకటి, 60–65 రోజులకు ఒకటి, మూడుంటే ఈ మూడు సమయాల్లోనూ అని చెబుతారు. మన నేలలు కూడా అవే కాబట్టి నేను ఈ రెండో దాని వైపే. ఒక్క షరతు: ఇరవయ్యో రోజున మొక్క మొదట్లో వేలుపెట్టి చూడండి, పై రెండు అంగుళాలు పొడి దుమ్ములా ఉంటే 42 రోజులదాకా ఆగకుండా ఆ తడి అప్పుడే ఇచ్చేయండి. కిరీటపు వేర్లు లేకపోతే తర్వాత పెట్టిన తడిని తాగడానికి ఎవరూ ఉండరు.

పైపాటు యూరియాను తడికి ముందే, అదే రోజు చల్లండి. పొద్దున మంచు ఆరాక, ఆకుల మీద తడి లేనప్పుడు చల్లి, వెంటనే నీళ్లు వదలాలి. స్ప్రింక్లర్లు ఉంటే ఇంకా మంచిది. నీళ్లతో యూరియా రెండు మూడు అంగుళాలు దిగి, గాల్లోకి పోకుండా ఉంటుంది. ఈ రోజు చల్లి, కరెంటు వచ్చిన రోజు నీళ్లు పెడదామంటే కుదరదు. కరెంటు వేళ చూసుకుని చల్లండి.

తడి లేని చేనుకు జనవరిలో ఎప్పుడైనా మబ్బు పట్టి వాన పడొచ్చు. 15 మిల్లీమీటర్లు దాటే వాన వచ్చేలా ఉంటే, పట్టీలో తేడా కనిపిస్తుంటే, పైరు ఇంకా పొట్ట దశకు రాకపోతే ఎకరాకు 10 నుంచి 15 కిలోల యూరియా వానకు ముందు వేసుకోవచ్చు. నాలుగు చినుకులకు వేస్తే లాభం లేదు. పొట్ట దశ దాటాక నేలకు యూరియా వేయడం మానేయండి, అప్పుడిక వేరు పైపొరలో పనిచేయదు.

మొదటి 35 రోజుల్లో కలుపు తీయాలన్నది అందరికీ తెలిసిందే. ఇక్కడ అది నీళ్లూ ఎరువూ రెండూ తినే దొంగ.

నేల ఎండితే ఆకు ద్వారా

నేల పొడిబారి వేరు పనిచేయనప్పుడు కాస్త నత్రజనిని ఆకు మీదుగా ఇవ్వొచ్చు. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 320 గ్రాములు. ఎకరాకు 200 లీటర్ల మందునీళ్లు పట్టాలి. ఇలా ఎకరాకు అందేది రెండు కిలోలకు కాస్త తక్కువ నత్రజని. కాబట్టి దుక్కి ఎరువుకు ఇది బదులు కాదు, ఆకు పచ్చదనం నాలుగు రోజులు పొడిగించే ఉపాయం. 55, 70 రోజులప్పుడు లీటరుకు 20 గ్రాముల 19-19-19 కొట్టడం మహారాష్ట్ర రైతులకు అలవాటే. బెట్ట గట్టిగా ఉంటే లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్, అంటే 13-0-45, మేలు.

సాయంత్రం నాలుగు తర్వాతే కొట్టండి. మధ్యాహ్నం కొడితే నీరు ఆరిపోయి ఉప్పు మిగిలి ఆకు కొసలు మాడతాయి. ఆకులు పొద్దున కూడా చుట్టుకునే ఉన్నంతగా వాడిపోయాక కొట్టినా పీల్చుకోవు. బెట్ట మొదలవుతున్నప్పుడే కొట్టాలి.

నానో యూరియా గురించి అడుగుతారు కాబట్టి: మొదట వచ్చిన అర లీటరు బాటిల్‌లో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. తర్వాత వచ్చిన 20 శాతం దాంట్లోనూ 100 గ్రాములే. ఎకరా గోధుమకు కావాల్సింది కిలోల్లో. పైన చెప్పిన దుక్కి యూరియా మానేసి దీని మీద ఆధారపడటం నాకు లెక్కకు నిలిచే పనిలా కనిపించదు.

కోత అయ్యాక గింజను చూడండి

గుప్పెడు గింజలు తెల్ల కాగితం మీద పోసి చూడండి. గింజలు నిండుగా ఉండి, డ్యూరం రకమైతే వాటిలో కొన్ని అద్దంలా కాకుండా సుద్దలాంటి పసుపు మచ్చలతో ఉంటే, ఈ ఏడాది నీళ్లున్నాయి, నత్రజనే చాలలేదు. గింజలు ముడుచుకుని, పలచగా, గట్టిగా ఉంటే, అదీ గడ్డి విపరీతంగా వచ్చిన చేలో, నీళ్లకు మించి నత్రజని వేసినట్టు. గింజా చిన్నదే, గడ్డీ తక్కువే అంటే అసలు నీళ్లే లేవు, ఎరువును ఏమీ అనడానికి లేదు. పట్టీలోని పంటను విడిగా కోసి తూకం వేస్తే ఈ మాట ఇంకా తేలిగ్గా తేలుతుంది: పట్టీలో అదే వైశాల్యానికి గింజ ఎక్కువొచ్చిందా, గడ్డి మాత్రమే ఎక్కువొచ్చిందా.

బెట్ట బాగా ఉన్న ఏడాది వేసిన నత్రజనిలో కొంత పొడి నేలలోనే నైట్రేట్‌గా మిగిలి ఉంటుంది. జూన్‌లో తొలకరి పడగానే అది కరుగుతుంది. ఆ చేలో పత్తి వేస్తుంటే మొదటి దఫా యూరియా కాస్త తగ్గించండి. మళ్లీ సోయానే అయితే దుక్కిలో నత్రజని తగ్గించి, రైజోబియం విత్తనశుద్ధి మాత్రం మానకండి.